ఇరవై రెండో పరుగు

షెఫీల్డ్‌లో మా పక్కింటి పెద్దాయనకి నేను క్రికెట్ స్కోరు రాస్తానని తెలియకుండా ఉండాల్సింది. తెలిసిపోయింది. ఒక ఆదివారం పొద్దున కారు డిక్కీలో మడత కుర్చీ, ఫ్లాస్కు, నాలుగు రంగుల పెన్నులు, పొడుగాటి పుస్తకం సర్దుకుంటుంటే ఆయన గేటు దగ్గర నిలబడి చూశాడు. “అది స్కోరుబుక్కా, లవ్?” అన్నాడు. ఇంగ్లండులో ఈ ఊళ్ళో బస్సు డ్రైవరు దగ్గర్నుంచి డాక్టరు క్లినిక్కులో రిసెప్షనిస్టు దాకా అందరూ అందరినీ లవ్ అనే పిలుస్తారు, అందులో విశేషం ఏమీ లేదు. అవునన్నాను. ఆ ఒక్క అవునుతో నా వేసవిలో రెండు వారాలు పోయాయి.

నేను ఆసుపత్రిలో ఎవరి డ్యూటీ ఎప్పుడో చెప్పే రోటాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ చూసుకుంటాను. ఆదివారాలు మాత్రం ఇక్కడి తెలుగువాళ్ళ క్రికెట్ టీముకి స్కోరర్‌ని. టీములో పదిహేనుమంది ఉన్నారు. అందరూ బ్యాటింగ్ చేస్తామంటారు, అందరూ బౌలింగ్ వేస్తామంటారు, స్కోరు రాయమంటే మాత్రం ఒక్కొక్కరికీ అప్పుడే అర్జెంటు ఫోను వస్తుంది. చిన్నప్పుడు తెనాలిలోనూ ఇదే తంతు. మా అన్నయ్య కాలేజీ టీముకి ఎవరూ దొరక్క పదమూడేళ్ళ నన్ను తీసుకెళ్ళి గట్టు మీద కూర్చోబెట్టారు. నలభై దాటాక కూడా అలాగే కూర్చుని ఉన్నాను.

స్కోరర్లు ఇద్దరుంటారు, టీముకొకరు. ఎండైనా చినుకైనా పక్కపక్కనే కూర్చోవాలి. ప్రతి ఓవరు అయ్యాక ఎవరి మొత్తం వాళ్ళు పైకి చదవాలి. రెండూ కలిస్తే టిక్కు పెట్టుకుని ముందుకెళ్తారు. కలవకపోతే కలిసేదాకా వెతుకుతారు. ఒక్క పుస్తకంలోనే ఉన్న పరుగుని పరుగనరు. ఈ ముక్క మా టీములో మగమహారాజులకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. “అక్కా, ఒక్క పరుగేగా, వేసెయ్యి” అంటారు. కంపెనీల్లో ఒక్క కామా తప్పిపోయిందని తెల్లవార్లూ వెతికేవాళ్ళు వీళ్ళే.

పక్కింటి పెద్దాయనకి ఎనభై నాలుగేళ్ళు. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. ఇంట్లో ఒక్కడే ఉన్నా రోజూ టై కట్టుకుంటాడు. ఏ వారం ఏ రంగు చెత్త బిన్ను బయట పెట్టాలో మాకంటే ముందు ఆయనకే తెలుసు. మేం తప్పుది పెడితే తలుపు కొట్టి మరీ చెబుతాడు. పన్నెండేళ్ళుగా మా మధ్య మాటలన్నీ బిన్నుల గురించే. స్కోరు పుస్తకం చూసిన మర్నాడు సాయంత్రం మాత్రం వేరే పని మీద తలుపు కొట్టాడు.

వాళ్ళ తాత ఈ ఊళ్ళోనే కత్తులకి సాన పట్టేవాడట. పెళ్ళికి ముందు, పంతొమ్మిది వందల తొలి సంవత్సరాల్లో, అమెరికాలో ఒక కత్తుల ఫ్యాక్టరీలో పని దొరికి ఓడెక్కాడు. వెళ్ళిన కొత్తలోనే తోటి పనివాళ్ళు ఆయన్ని ఆ ఊరి బేస్‌బాల్ టీము ఆట చూడ్డానికి తీసుకెళ్ళారు. “సరదాకి ఆడుకునేవాళ్ళు కాదు, అదే వృత్తిగా ఆడేవాళ్ళు” అని పెద్దాయన నొక్కి చెప్పాడు. తాత ఇక్కడ చర్చి టీముకి క్రికెట్ స్కోరరు. అలవాటు కొద్దీ తన స్కోరు పుస్తకం పట్టుకెళ్ళాడు, మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా రాశాడు. ఆయన లెక్కలో ఆట ఇరవై రెండు, ఇరవై రెండు. సమం. అంపైరు మాత్రం ఊరి టీము చేసింది ఇరవై ఒకటేనని, ఒక్క పరుగుతో ఓడిపోయిందని చెప్పి ఆట ముగించాడు.

తాత ఒప్పుకోలేదు. సోమవారం ఫ్యాక్టరీలో అందరికీ పుస్తకం చూపించాడు. వాళ్ళు నవ్వారు. వారాల తరబడి వాదించాడు, చివరికి ఒకడితో చెయ్యి చేసుకునేదాకా వచ్చింది. కళ్ళెదుట జరిగిన దొంగతనాన్ని చూసి నవ్వే మనుషుల మధ్య పని చెయ్యనని మూటాముల్లె సర్దుకుని షెఫీల్డ్ వచ్చేశాడు. ఆ తర్వాతే పెళ్ళి, పిల్లలు. ఆ ఇంట్లో మూడు తరాలు అన్నం ముందు ప్రార్థనలా ఆ పరుగు కథ విన్నాయి.

“నేనే ఆఖరివాణ్ణి” అన్నాడు పెద్దాయన. “లైబ్రరీలో ఊరి చరిత్ర వాళ్ళు నెలకోసారి కలుస్తారు. ఈసారి నాకు పావుగంట ఇచ్చారు. ఆ పరుగు సంగతి అందరి ముందూ చెప్పి, పుస్తకం వాళ్ళకే ఇచ్చేద్దామని. కానీ నాకు స్కోరు చదవడం రాదు. తెలిసినవాళ్ళు ఒకరు చూసి, మా తాత లెక్క సరిగ్గా ఉందని చెబితే చాలు, లవ్.”

నాకు బేస్‌బాల్ రాదని చెప్పాను. తాతకీ రాదన్నాడు. దాంతో ఒప్పుకున్నాను.

పుస్తకం ఇల్లు దాటకూడదన్నాడు. ఫోటో తియ్యకూడదన్నాడు. ఫ్లాషుకి ఇంకు వెలిసిపోతుందట. ఫ్లాషు లేకుండా తీస్తానంటే ఏ వెలుతురూ మంచిది కాదన్నాడు. ఆ మాట అంటూనే పుస్తకాన్ని కిటికీ కింద ఎండలో పరిచాడు. అలా నేను రోజూ ఆసుపత్రి నుంచి వచ్చి, మా ఇంట్లో గిన్నెలు సింకులోనే వదిలేసి, ఆయన వంటింటి బల్ల ముందు కూర్చోవాల్సి వచ్చింది. ఆయన పాలు ఎక్కువ, రంగు తక్కువ టీ పెట్టి ఇచ్చేవాడు. తాగకపోతే చల్లారిపోతోందని గుర్తు చేసేవాడు.

బేస్‌బాల్‌లో టీముకి తొమ్మిది ఇన్నింగ్స్‌లు, అన్నీ కలిపి అయిదారు పరుగులు చేస్తే బాగా ఆడినట్టేనట. నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు రెండు టీములూ ఇరవై దాటాయి. ఆ వరదని క్రికెట్ పుస్తకంలో ఇరికించాలని చూసిన మనిషి అవస్థ పేజీ నిండా ఉంది. మూడో ఇన్నింగ్స్‌లో ఒక టీమే తొమ్మిది చేసింది. గళ్ళు చాలక తాత మార్జిన్‌లోకి పోయాడు, మార్జిన్ చాలక బౌలర్ల పట్టికలోకి దిగాడు, అదీ చాలక పుస్తకం తిప్పి తలకిందులుగా రాశాడు. ఎవరు అవుటయ్యారో, ఎవరు బేసు మీద నిలబడిపోయారో చెప్పడానికి సొంతంగా గుర్తులు కనిపెట్టాడు, మధ్యలో వాటిని మార్చేశాడు. ఆయన బతికి ఉంటే నా పక్కన కూర్చోబెట్టుకుని మొట్టికాయలు వేసేదాన్ని.

తాత పెట్టిన బాధ ఒక ఎత్తు, మనవడు పెట్టింది ఇంకో ఎత్తు. నేను వేలు పెట్టి లెక్కపెడుతూ పదిహేడు దాకా వచ్చేసరికి ఆయన “ఆ రోజు ఎండ మండిపోయిందట” అనేవాడు. మళ్ళీ ఒకటి నుంచి మొదలు. పంతొమ్మిది దాకా వచ్చేసరికి “మా నాన్న ఈ కథ చెప్పేటప్పుడు లేచి నిలబడేవాడు” అనేవాడు. కాసేపు మాట్లాడకుండా ఉంటారా అని ఒకసారి అడిగేశాను. ఉంటానన్నాడు. ఉన్నాడు కూడా, కానీ పెదవులు కదుపుతూ నాతో పాటు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నాకంటే రెండు అంకెలు ముందు ఉండేవాడు.

నాలుగో సాయంత్రానికి లెక్క తేలింది. తాత కూడిక తప్పలేదు. అవతలి టీము ఇరవై రెండు, ఊరి టీము ఇరవై రెండు. పుస్తకంలో మడతపెట్టి ఉన్న, ఆ ఆట గురించి వచ్చిన పేపరు కటింగ్ తీశాను. అందులో ఏ ఇన్నింగ్స్‌లో ఎన్ని పరుగులో వరసగా అచ్చువేశారు. రెంటినీ పక్కపక్కన పెట్టి, ఒక్కో ఇన్నింగ్స్ పైకి చదివాను. ఎనిమిది ఇన్నింగ్స్‌లు అక్షరం పొల్లు పోకుండా కలిశాయి. ఆ గజిబిజిలోంచి ఎనిమిది కలవడం చూసి తాత మీద నాకు కొంచెం గౌరవం పుట్టింది. ఆఖరి తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఊరి టీముకి పేపరు రెండు పరుగులంది, పుస్తకం మూడంది. ఆ మూడో అంకె పక్కన సన్నటి అక్షరాలతో తాత రాసుకున్నాడు. అవతలివాడు అవుటవ్వకముందే వీడు లోపలికొచ్చాడు, నా కళ్ళతో చూశాను అని.

“ముందే లోపలికొస్తే పరుగే కదా, లవ్?” అన్నాడు పెద్దాయన.

క్రికెట్‌లో పరుగే. ఇద్దరు బ్యాటర్లూ ఒక పరుగు పూర్తి చేసి, రెండో దానికి పోతూ ఒకడు రనౌటైతే, పూర్తయిన మొదటిది ఎక్కడికీ పోదు. పదమూడేళ్ళప్పటి నుంచి అలాంటివి వందల్లో రాశాను. “చూస్తుంటే పరుగులాగే ఉంది” అన్నాను. ఆ మాట అనడం నా రెండో పొరపాటు, మొదటిదానికంటే పెద్దది. ఆయన అప్పటికప్పుడు లేచి, హాల్లో గోడకున్న ఫోను దగ్గరికి వెళ్ళి, లైబ్రరీకి ఫోను చేశాడు. పై శనివారం తన ప్రసంగానికి పేరు దొరికిందని చెప్పాడు. ‘దొంగిలించిన పరుగు.’ స్కోరర్ చేత చూపించానని కూడా చెప్పాడు. నేను బల్ల దగ్గర చల్లారిన టీ ముందు కూర్చుని వింటూనే ఉన్నాను.

ఇంటికొచ్చాక ఒక సంగతి బుర్రలో తొలచడం మొదలైంది. నష్టపోయింది సొంత ఊరి టీము. స్టేడియం నిండా ఆ ఊరి జనమే. ఓటమి తప్పేదాకా వచ్చిన ఆటలో అంపైరు ఒక పరుగు మింగేస్తే ఆ జనం ఊరుకుంటారా? మా టీములో ఒక వైడ్ ఇవ్వకపోతేనే ఆరుగురు పిచ్ మీదకి పోతారు. పేపరు కటింగ్‌లో మాత్రం జనం నిరాశగా ఇళ్ళకి పోయారని ఒక ముక్క ఉంది తప్ప గొడవ ఊసే లేదు. ఆ స్టేడియంలో అన్యాయం చూసిన మనిషి ఒక్కడే, ఆయన ఆ దేశానికి కొత్త.

పెద్దాయనని ఒకసారి బేస్‌బాల్ చూడ్డానికి వెళ్దాం రమ్మన్నాను. షెఫీల్డ్‌లో కూడా ఆడతారు, పార్కు అవతల మైదానంలో. “ఆ దొంగల ఆట నేను చూడను” అన్నాడు. వందేళ్ళు దాటిన కోపాన్ని రోజూ తుడిచి మెరుగు పెట్టుకుంటూ కూర్చుంటే ఇంకేం వస్తాడు. ఆ ఆదివారం మా పిచ్ వానకి నానిపోయి మ్యాచ్ రద్దయింది. నేనొక్కదాన్నే కుర్చీ, పుస్తకం పట్టుకుని బేస్‌బాల్ మైదానానికి పోయాను. మా ఆయన “ఉన్న పిచ్చి చాలదా” అన్నాడు. అన్నవాణ్ణి చపాతీ పిండి కలపమని చెప్పి బయల్దేరాను.

అక్కడ స్కోరరు నా వయసు ఆవిడే, టోపీ పెట్టుకుని మడత బల్ల ముందు కూర్చుంది. నేను కూడా స్కోరర్‌నేనని చెబితే కుర్చీ పక్కకి జరిపి చోటిచ్చింది. నేను నా పుస్తకంలో నాకు తెలిసినట్టు రాసుకుంటూ పోయాను. చాలాసేపు ఇద్దరి లెక్కా కలుస్తూనే ఉంది. ఆటంతా నాలుగు బేసుల చుట్టూ. మూడు దాటి, బయల్దేరిన చోటికి, ఇల్లంటారు దాన్ని, తిరిగొస్తే పరుగు. ముగ్గురు అవుటైతే ఇన్నింగ్స్‌లో ఆ టీము వంతు అయిపోయినట్టు. ఇంతేనా అనుకున్నాను.

నాలుగో ఇన్నింగ్స్‌లో మూడు బేసుల మీదా మనుషులున్నారు, ఇద్దరు అవుటయ్యారు. కొట్టినవాడి బంతి మెల్లగా దొర్లింది, పట్టినవాడి చేతిలోంచి జారింది. ఈలోగా మూడో బేసువాడు పరిగెత్తుకొచ్చి ఇంటి గడప తొక్కేశాడు. మొదటి బేసు నుంచి బయల్దేరినవాడు దారిలో తట్టుకుని పడ్డాడు. లేచేలోగా బంతి రెండో బేసుకి చేరింది, వాడు అవుట్. నేను పరుగు వేసుకుని మొత్తం చదివాను. ఆవిడ మొత్తం నాకంటే ఒకటి తక్కువ.

“పరుగు రాసుకోలేదు మీరు” అన్నాను.

“పరుగు లేదు” అంది.

“వాడు ముందే లోపలికొచ్చాడు. అవతలివాడు అవుటవ్వకముందే. నా కళ్ళతో చూశాను.”

ఆ మాటలు నా నోట్లోంచే వచ్చాయి. ఎక్కడ చదివానో అప్పుడు గుర్తొచ్చింది.

ఆవిడ ఓపిగ్గా చెప్పింది. బంతి కొట్టినవాడు మొదటి బేసుకి పోక తప్పదు. వాడొస్తున్నాడు కాబట్టి అక్కడున్నవాడు రెండోదానికి జరగక తప్పదు. అలా జరగక తప్పనివాడు చేరేలోపు బంతి అక్కడికి చేరి, అదే మూడో అవుటైతే, ఆ దెబ్బకి ఎవరు లోపలికొచ్చినా రానట్టే. ముందొచ్చినా అంతే. ఎప్పటి నుంచి ఈ నియమం అని అడిగాను. తాతల కాలానికి ముందు నుంచీ ఉందంది. “క్రికెట్ నుంచి వచ్చినవాళ్ళందరూ ఇక్కడే పడతారు” అని నవ్వి, నా పుస్తకంలో ఆ అంకె చూపించింది. నేను దాన్ని కొట్టేశాను. ఆ తర్వాత ఆట చూడలేదు, కారులో కూర్చున్నాను.

తాత చూసింది నిజం. ఎనిమిది ఇన్నింగ్స్‌లు ఎవరి సాయమూ లేకుండా తప్పు లేకుండా రాసిన మనిషి ఆ తొమ్మిదోదీ సరిగ్గానే చూశాడు. పక్కన ఇంకో స్కోరరు ఉంటే ఓవరు చివర మొత్తం చదువుకున్నట్టు చదువుకునేవాళ్ళు, అరనిమిషంలో తేలిపోయేది. ఒక్కడే కూర్చున్నాడు. తర్వాత చెప్పినవాళ్ళని దొంగలనుకున్నాడు. అంత మొండిమనిషి మీద నాకు జాలి వేసింది, అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది.

ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పాను. “చెప్పకు” అన్నాడు వెంటనే. “ఎనభై నాలుగేళ్ళాయన. లైబ్రరీలో పదిమంది ముసలివాళ్ళు. ఎవరికి తెలుస్తుంది, ఎవరికి నష్టం?”

“నేను సరే అన్నానని ఆయన వాళ్ళకి చెప్పాడు. రేపు శనివారం అక్కడ బేస్‌బాల్ తెలిసినవాడు ఒక్కడుంటే చాలు, ఆయన పరువు పోతుంది. అయినా తప్పు లెక్కకి నేను టిక్కు పెట్టనని మీకు తెలీదా? రెండేళ్ళ కిందట ఫైనల్లో మీరు క్రీజు దాటలేదని మీ పరుగే తీసేశాను కదా.”

“అందుకే చెబుతున్నా” అన్నాడు పిండి చేతులు కడుక్కుంటూ. “నాకు ఇప్పటికీ కడుపు మండుతూనే ఉంది.”

సోమవారం వెళ్దామనుకుని వెళ్ళలేదు. మంగళవారం ఆయనే గేటు దగ్గర కనిపించి, సూటు డ్రైక్లీనింగ్‌కి ఇచ్చానన్నాడు. బుధవారం తలనొప్పని నాకు నేనే చెప్పుకున్నాను. రోటాలో ఒక నర్సు పేరు రెండుచోట్ల పడితే ఆసుపత్రంతా తలకిందులు చేసే నేను, ఒక ముసలాయనకి ఒక్క ముక్క చెప్పలేక మూడు రోజులు దాక్కున్నాను. నా మీద నాకే చిరాకేసింది. గురువారం సాయంత్రం వెళ్ళాను.

ఆయన వంటింటి బల్ల మీద నాలుగు సాసర్లు పెట్టి బేసులన్నాను. ఉప్పు సీసా, మిరియాల సీసా, గుడ్లు పెట్టుకునే చిన్న కప్పులు రెండు తీసుకుని మనుషులన్నాను. మెల్లగా జరుపుతూ ఆ ఆఖరి బంతిని రెండుసార్లు ఆడి చూపించాను. మూడోసారి ఆయనే ఉప్పు సీసాని జరిపి ఇంటి సాసర్లో పెట్టాడు. వేలు దాని మీద నుంచి తియ్యలేదు.

“వాడు లోపలికొచ్చాడు” అన్నాడు.

“వచ్చాడు.”

“ముందే.”

“ముందే వచ్చాడు. మీ తాత సరిగ్గానే చూశారు.”

“అయినా పరుగు కాదు.”

“కాదు” అన్నాను. “నేను తొందరపడి పరుగన్నాను. తప్పు నాది.”

ఆయన ఉప్పు సీసాని సాసర్లోంచి తీసి, మళ్ళీ అక్కడే పెట్టాడు. నాలుగు సాయంత్రాలు ఒక్క నిమిషం నోరు మూసుకోమని బతిమాలిన నాకు ఇప్పుడు ఏదైనా అనండి మహానుభావా అని అరవాలనిపించింది. చివరికి అన్నాడు. “ఆయన అక్కడే ఉండిపోయేవాడు. పని బాగుందట. ఆ ఒక్క పరుగు మీద అలిగి వచ్చేశాడు. మా నాన్న ఇక్కడ పుట్టింది, నేను పుట్టింది, అంతా దాని మీదే. మేం మోసపోయినవాళ్ళమని మా నాన్న పోయేదాకా చెబుతూనే ఉన్నాడు.”

“మీ తాత అబద్ధమాడలేదు” అన్నాను.

“నేనడిగింది అది కాదు. లెక్క సరిగ్గా ఉందని చెప్పమన్నాను.” సాసర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి సింకులో పెట్టాడు. “ఇంక వెళ్ళు, లవ్. నేను భోంచెయ్యాలి.”

శుక్రవారం ఆయన గేటు దగ్గరికి రాలేదు. మేం బిన్ను పెట్టడం మర్చిపోయినా తలుపు కొట్టలేదు. సాయంత్రం మా ఆయన పచ్చటి నిండు బిన్నుని చూసి, నన్ను చూసి, లోపలికెళ్ళాడు.

శనివారం నన్ను రమ్మని ఎవరూ పిలవలేదు. అయినా వెళ్ళాను. లైబ్రరీలో పిల్లల పుస్తకాల వెనక ఒక గది, పదిహేను కుర్చీలు, పదకొండు మంది. తలుపు మీద కాగితంలో ‘దొంగిలించిన పరుగు’ అని పెద్దక్షరాలతో ఉంది. పెద్దాయన సూటులో, టైతో, చేతిలో పుస్తకంతో నిలబడ్డాడు. నన్ను చూశాడు కానీ తల ఊపలేదు. నేను వెనక వరసలో తలుపు పక్కన కూర్చున్నాను, అక్కడైతే లేచిపోవడం తేలిక.

కథ మొదట్నుంచి చెప్పాడు. ఓడ, ఫ్యాక్టరీ, ఎండ, తొమ్మిది పరుగుల మూడో ఇన్నింగ్స్, నవ్విన మనుషులు. నాకు కంఠతా వచ్చిన కథ. తొమ్మిదో ఇన్నింగ్స్ దగ్గరికి వచ్చేసరికి ఆగి నీళ్ళు తాగాడు. గ్లాసు పెట్టడానికి చోటు వెతికాడు. తర్వాత “ఆ పరుగుని ఎవరూ దొంగిలించలేదు” అన్నాడు. “ఆ ఆట నియమం ప్రకారం అది పరుగు కాదు. మా తాతకి ఆ నియమం తెలీదు. చెప్పినవాళ్ళని ఆయన నమ్మలేదు. మేం ఎవరమూ ఒక్కసారి అడిగి చూడలేదు. మొన్న గురువారం మా పక్కింటావిడ చెప్పింది. తలుపు మీద పేరు మార్చమందామంటే టైము చాల్లేదు.”

ఇప్పుడు జనం ఏమంటారోనని చూశాను. చప్పట్లు కొట్టారు. ఒకావిడ బేస్‌బాల్ అంటే మన బళ్ళో ఆడించే రౌండర్స్ ఆటేనా అని అడిగింది. ఇంకొకాయన ఆ కత్తుల ఫ్యాక్టరీలో పిడులు ఏ చెక్కతో చేసేవాళ్ళో అడిగి, తనకి తెలిసిన చెక్కల గురించి తనే అయిదు నిమిషాలు చెప్పాడు. టీ ఎప్పుడిస్తారని వెనక నుంచి ఒకరు గుసగుసలాడారు. ఆ పరుగు గురించి ఒక్క మనిషి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. మూడు తరాల కథ మోసిన మనిషి లేచి నిలబడి అంత మాట ఒప్పుకుంటే వీళ్ళకి పిడుల మీద ధ్యాస. అందరినీ పట్టుకుని కుదపాలనిపించింది.

టీలు అయ్యాయి, కుర్చీలు మడుస్తున్నారు. ఆయన కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుని నన్ను పిలిచాడు. పక్కన కుర్చీ లాగి కూర్చోమన్నాడు. పుస్తకం ఆఖరి పేజీ తెరిచి, కోటు జేబులోంచి పెన్ను తీసి నా ముందు పెట్టాడు.

“దీన్ని లైబ్రరీకి తప్పు లెక్కతో ఇవ్వను. నా చెయ్యి వణుకుతుంది. నువ్వు కొట్టెయ్.”

పాత పుస్తకం, దాని మీద రాయకూడదు, విడిగా కాగితం మీద రాసి లోపల పెడదామన్నాను. “మీ క్రికెట్‌లో విడిగా కాగితాలు పెడతారా?” అన్నాడు. పెట్టం. తప్పుని పుస్తకంలోనే ఒక గీతతో కొట్టి, పక్కన సరైనది రాస్తాం. కింద అంకె కనబడేలాగే కొడతాం.

ఆ మూడు మీద ఒక్క గీత గీశాను, పక్కన రెండు వేశాను. కింద మొత్తంలో ఇరవై రెండు కొట్టి ఇరవై ఒకటి రాశాను. అవతలి టీము మొత్తం పైకి చదివాను, ఇరవై రెండు. ఊరి టీముది ఆయన చదివాడు, కళ్ళజోడు సర్దుకుని, అంకె మీద వేలు పెట్టి. తాత చేతిరాత పక్కన నా ఇంకు ఇంకా తడిగా ఉంది. ఆరేదాకా ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.

“అయితే, లవ్,” అన్నాడు. “ఇప్పుడు ఓడిపోయాం.”